96 వ్యాసాలు, నాలుగు ఫోన్లు

ప్రశ్న: విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయొద్దంటూ, పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది. గాజువాక ఆటోనగర్‌లో వాళ్ల మావయ్యగారికి ఇనప గ్రిల్స్, స్టీలు రైలింగుల వర్క్‌షాపు ఉంది. హుద్‌హుద్ తుఫాను తరవాత యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు కూడా మొదలుపెట్టారు. భర్త వర్క్‌షాపు చూసుకుంటారు, మరిది ఆర్డర్లు, వసూళ్లు. ఎం.కామ్ చదివిన ఈవిడ షోరూములో కూర్చుని లెక్కలు చూస్తారు. ఎనిమిది నెలల కిందట ఇంట్లో అందరినీ ఒప్పించి ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి పని అప్పగించారు. నెలకు 22,000 రూపాయలు, 12 బ్లాగు వ్యాసాలు. ఇప్పటికి 1,76,000 ఖర్చయింది, 96 వ్యాసాలు పడ్డాయి. వెబ్‌సైటు చూసి ఫోన్ చేసినవాళ్లు నలుగురు. ఆర్డరు అయింది ఒక్కటే, 68,000 రూపాయలది. ఏజెన్సీని అడిగితే "ఎస్ఈవో (వెతుకులాటలో సైటును పైకి తెచ్చే పని) కదా మేడమ్, టైమ్ పడుతుంది, ఇంప్రెషన్లు పెరుగుతున్నాయి" అని నెలనెలా ఒక గ్రాఫు పంపుతున్నారు. వెబ్‌సైటు పేరు ఏజెన్సీ వాళ్లు తమ పేరు మీదే కొన్నారని ఈ మధ్యే తెలిసింది. మరిది "ఆ డబ్బుతో ఎన్ఏడీ జంక్షన్లో ఫ్లెక్సీ పెట్టినా నలుగురి కళ్లల్లో పడేది" అంటున్నారు. మావయ్యగారు ఏమీ అనరు, భోజనాల దగ్గర ఆ మాట వస్తే లేచి వెళ్లిపోతారు. "ఆయన తిట్టినా బాగుండును" అని రాశారు. కాంట్రాక్టు మార్చి నెలాఖరుకి అయిపోతుంది. ఆపేయాలా, ఇంకో ఆరు నెలలు చూడాలా, తనే కూర్చుని రాయాలా, అందరిలా రీల్స్ చేయాలా అని ఆవిడ అడుగుతున్నారు. మూడు వ్యాసాల ప్రింట్లు, సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో సైటు ఎలా కనపడుతోందో చూపే గూగుల్ పనిముట్టు) స్క్రీన్‌షాట్లు జతచేశారు.

సమాధానం: మీరు పంపిన మూడు వ్యాసాలూ మొదటినుంచి చివరిదాకా చదివాను. యూపీవీసీ అంటే ఏమిటి, కిటికీలు ఎన్ని రకాలు, ఇంటికి సరైన రైలింగు ఎంచుకోవడం ఎలా. ఇంగ్లిషు శుభ్రంగా ఉంది, తప్పుల్లేవు. కానీ మూడింట్లో కలిపి సముద్రం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఒకదాంట్లో ఈ కిటికీలు పెడితే చలికాలంలో హీటింగు బిల్లు తగ్గుతుందని ఉంది. విశాఖలో ఇంటికి హీటింగు బిల్లు కట్టేవాళ్లు ఎవరమ్మా? ఈ వ్యాసాలు రాసినవాళ్లు మీ వర్క్‌షాపు గుమ్మం తొక్కలేదు, మీ మావయ్యగారితో పది నిమిషాలు మాట్లాడలేదు. మీ షాపు పేరు తీసేసి లూధియానా షాపు పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. ఫోన్లు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు మూల సమాధానం ఇదే.

ఏజెన్సీ చెప్పే గ్రాఫు సంగతి కూడా తెలుసుకోండి. ఇంప్రెషన్ అంటే ఎవరో మీ వ్యాసం చదివారని కాదు. వెతికినవాళ్లకు తెరుచుకున్న ఫలితాల్లో మీ లింకు ఎక్కడో ఉంటే చాలు, వాళ్లు కిందికి జరిపి చూడకపోయినా లెక్కలో పడుతుంది. మీ స్క్రీన్‌షాట్లో 41,000 ఇంప్రెషన్లకు 310 క్లిక్కులు ఉన్నాయి. దేశాల పట్టికలో మూడో వంతు అమెరికా. మీరొక పని చేయండి. సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, వెతికిన మాటల దగ్గర ఫిల్టరు పెట్టి, 'వైజాగ్' ఉన్నవి ఎన్ని, 'విశాఖ' ఉన్నవి ఎన్ని, 'గాజువాక', 'మధురవాడ' ఉన్నవి ఎన్ని, విడివిడిగా చూడండి. సెర్చ్ కన్సోల్ దేశం వరకే చెబుతుంది, ఊరు చెప్పదు. అందుకే ఈ చుట్టుదారి. ఆ ఫిల్టరులో మిగిలిన అంకె మీ అసలు గ్రాఫు. మీ ఊరి పేరు టైపు చేయకుండా వెతికేవాళ్లు దీంట్లో కనపడరు, అయినా వాస్తవానికి దగ్గరగా ఉండేది ఇదే.

"టైమ్ పడుతుంది" అన్న మాట అబద్ధం కాదు. ఎస్ఈవో పని ఫలితం కనపడడానికి చాలావరకు నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్లే చెప్పారు. అయితే ఆ మాట పనికొచ్చే పేజీలకు వర్తిస్తుంది. ఎవరి అనుభవమూ లేకుండా, వెతుకులాటలో పైకి రావడం కోసమే గంపగుత్తగా తయారుచేసే పేజీలను గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో చేర్చింది. మనిషి రాశాడా ఏఐ రాసిందా అన్నది దానికి పట్టదు, చదివేవాళ్లకు కొత్తగా ఏం దొరికింది అన్నదే కొలత. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ ఏఐ సారాంశాలు ఫలితాల పైనే చూపిస్తోంది. "యూపీవీసీ అంటే ఏమిటి" లాంటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికేస్తే, ఎవరూ లింకు నొక్కి మీ దాకా రారు. అలాంటి వ్యాసాలు ఇంకో ఆరు నెలలు వేయించినా ఇవే నాలుగు ఫోన్లు.

ఆపడమా, సాగించడమా అన్నది తరవాత మాట్లాడుకుందాం. దానికంటే ముందు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. డొమైను, అంటే వెబ్‌సైటు పేరు, ఏజెన్సీ పేరు మీద ఉందన్నారు. అంటే బోర్డు మీది, బోర్డు తగిలించిన గోడ వాళ్లది. కాంట్రాక్టు కొనసాగించట్లేదని చెప్పాక అడిగితే మాట తీరు మారిపోవచ్చు, అందుకని సంబంధం బాగున్నప్పుడే అడగాలి. ముందుగా సంస్థ పేరుతో ఒక కొత్త మెయిల్ తెరవండి. మీవారిది, మరిదిది సొంత జీమెయిల్ వాడొద్దు. తరవాత ఏజెన్సీకి ఫోన్ కాకుండా మెయిల్ పెట్టండి. "సంస్థ ఖాతాలన్నీ సంస్థ మెయిల్ కిందికి తెచ్చుకుంటున్నాం" అన్న ఒక్క వాక్యం చాలు, కారణాలు అక్కర్లేదు. ఐదు అడగండి: డొమైను మీ ఖాతాలోకి మార్చడం లేదా బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే చోటు) లాగిన్, వర్డ్‌ప్రెస్ (సైటులో పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్) అడ్మిన్ హక్కు, సెర్చ్ కన్సోల్‌లో ఓనరు హక్కు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనరు హక్కు. ఆఖరి నెల బిల్లు ఈ ఐదూ చేతికొచ్చాక చెల్లిస్తామని మర్యాదగా రాయడంలో తప్పులేదు.

బిజినెస్ ప్రొఫైల్ విషయంలో వాళ్లు పలకకపోతే మీరే గూగుల్‌లో ఓనర్‌షిప్ అభ్యర్థన పెట్టొచ్చు. ప్రస్తుత ఓనరుకు మూడు రోజుల గడువు ఉంటుంది, జవాబు రాకపోతే మీరు క్లెయిమ్ చేసుకునే అవకాశం వస్తుంది. మ్యాపులో మీ షాపు, దాని రివ్యూలు అందులోనే ఉన్నాయి గనక ఐదింట్లోనూ ఇదే విలువైనది. డొమైను ఇవ్వనంటే మాత్రం పంతానికి పోకండి. '.ఇన్' పేర్ల తగాదాలకు, ఆ పేర్లను చూసుకునే నిక్సీ సంస్థ వారి వివాద పరిష్కార పద్ధతి ఉంది, కానీ ఆ పేరు మీద మీ హక్కు రుజువు చేసుకోవాలి, డబ్బూ నెలలూ పడతాయి. కొత్త పేరు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల పని. ఇప్పుడున్న 96 వ్యాసాలకు వచ్చే రాకపోకలు అంతంతమాత్రం కాబట్టి అక్కడ నష్టం పెద్దగా లేదు. విజిటింగ్ కార్డులు, డెలివరీ ఆటో మీద రాతలు మార్చుకోవాల్సి వస్తుంది, అంతే.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, బ్లాగు పూర్తిగా ఆపేసి బిజినెస్ ప్రొఫైల్ ఒక్కటీ చక్కగా చూసుకోవడం. ఇది ఓడిపోవడం కాదు, చాలా షాపులకు ఇదే సరిపోతుంది. ప్రధాన కేటగిరీ సరిగ్గా ఎంచుకోవడం, వారానికి రెండు పని ఫొటోలు, బిగింపు అయిన మర్నాడే కస్టమరుకు రివ్యూ లింకు పంపడం, వచ్చిన ప్రతి రివ్యూకి జవాబు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, గూగుల్ దాన్ని నిషేధించింది, రివ్యూలు ఎగిరిపోతాయి. వారానికి గంటన్నర పని. ఈ దారికి ఒక పరిమితి ఉంది, మీ విషయంలో అది పెద్దది. మ్యాపులో ఎవరిని ముందు చూపించాలన్నది గూగుల్ మూడు చూసి తేలుస్తుంది: వెతికినదానికి ఎంత సరిపోతారు, ఎంత దగ్గర, ఎంత పేరుంది. మీ షాపు గాజువాకలో. రైలింగు మచ్చలతో, తుప్పుతో బాధపడేవాళ్లు లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి వైపు. ఊరికి ఈ చివర మీరు, ఆ చివర వాళ్లు. ప్రొఫైల్లో సేవలందించే ప్రాంతాలు ఇరవై దాకా రాసుకోవచ్చు, కానీ రాసినంత మాత్రాన దూరం తగ్గదు. ఆ చివరన ఉన్నవాళ్లకు ప్రకటన ఖర్చు లేకుండా మీరు కనపడాలంటే, వాళ్ల ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే పేజీ ఒకటి ఉండాలి. బ్లాగు మీకు దేనికి కావాలంటే ఇందుకు కావాలి.

రెండోది, అదే ఏజెన్సీతో షరతులు మార్చుకుని సాగడం. నెలకు 12 వద్దు, రెండు చాలు. ప్రతి వ్యాసానికీ రాసే మనిషి వర్క్‌షాపుకు వచ్చి కనీసం అరగంట మాట్లాడాలి. ఫొటోలు మీవే వాడాలి, కొన్న ఫొటోలు వద్దు. మీరు చదివి సరేనన్నాకే పడాలి. నెల రిపోర్టులో ఇంప్రెషన్లు కాకుండా వాట్సాప్ సందేశాలు, ఫోన్లు లెక్క చూపాలి. మూడు నెలల ఒప్పందం, నచ్చకపోతే నెల నోటీసు. ఇలా చేస్తే రెండింటికి 22,000 కూడా అన్యాయమైన ధర కాదు, మంచి వ్యాసానికి అంత శ్రమ ఉంటుంది. "మా రైటరు బయటి ఊళ్లో ఉంటారు, పాయింట్లు మెయిల్ చేయండి" అన్నారంటే మాత్రం మళ్లీ పాత కథే, అక్కడితో ఆగండి.

మూడోది మీరే రాయడం. డబ్బు మిగులుతుంది, సమయం పోతుంది. ఒక మంచి పేజీకి అడగడం, ఫొటోలు తీయించడం, రాయడం, సైటులో పెట్టడం అన్నీ కలిపి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. నెలకు రెండంటే రెండు పూర్తి పనిదినాలు. మీ చేతిలో లెక్కలున్నాయి. జీఎస్టీ నెలవారీ రిటర్నులైతే 11, 20 తేదీలు మీకు ఊపిరాడవు. కాబట్టి 21 నుంచి నెలాఖరు మధ్యే రాతపని పెట్టుకోండి, తక్కిన రోజుల్లో ప్రశ్నలు పోగుచేయడమే. నెలకు రెండు కుదరకపోతే ఒకటి రాయండి. 12 రాయాలని మొదలుపెట్టి మూడో నెలలో ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

నాలుగోది మీ మరిది చెప్పే దారి. దాన్ని తీసిపారేయకండి. ఫ్లెక్సీకి ఎంతమంది స్పందించారో లెక్క తేలదు, నాకు దానిమీద అంత నమ్మకం లేదు. కానీ అదే డబ్బులో కొంత గూగుల్ సెర్చ్ ప్రకటనలకు పెడితే మొదటి వారంలోనే ఫోన్లు రావచ్చు. రోజుకు 300 నుంచి 500 రూపాయలతో మూడు నెలలు చూడొచ్చు. ఇక్కడ డబ్బు కారిపోయే చిల్లులు రెండు. లొకేషన్ సెట్టింగు మామూలుగా 'ఈ ఊళ్లో ఉన్నవాళ్లు లేదా ఈ ఊరిమీద ఆసక్తి చూపినవాళ్లు' అని ఉంటుంది. 'ఊళ్లో ఉన్నవాళ్లు' అని మాత్రమే మార్చాలి. రెండోది, ఉద్యోగాలు, సెకండ్ హ్యాండ్, హోల్‌సేల్, ట్రైనింగ్ లాంటి మాటలను నెగెటివ్ కీవర్డుల్లో (ఆ మాటలతో వెతికితే ప్రకటన చూపించొద్దని చెప్పే జాబితా) పెట్టాలి, లేకపోతే వెల్డరు ఉద్యోగం వెతికే కుర్రాడి క్లిక్కుకి మీరు డబ్బు కడతారు. ప్రకటన ఆపిన రోజునే ఫోన్లూ ఆగుతాయి, అది దాని గుణం. రీల్స్ విషయానికొస్తే, చూసేవాళ్లలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు కొద్దిమందే. అయినా పేజీ కోసం తీసిన వీడియోనే రీలుగానూ వేస్తే అదనపు ఖర్చు లేదు, వేరే మనిషిని పెట్టి తీయించాల్సిన పని కూడా లేదు.

నన్నడిగితే మొదటిది ఎలాగూ చేయాల్సిందే, దానిమీద మూడోది, పేజీలు ఊపందుకునే వరకు మూడు నెలలు చిన్నగా నాలుగోది. కానీ నెలకు రెండు రోజులు మీకు నిజంగా దొరుకుతాయా, ఇంట్లోవాళ్లు దాన్ని పనిగా ఒప్పుకుంటారా అన్నది మీకే తెలుసు. దొరకదంటే మొదటిదీ నాలుగోదీ కలిపి ఆగిపోండి, తప్పేమీ లేదు.

రాసేట్టయితే ఎలా రాయాలో ఒక పేజీ పట్టుకుని చూద్దాం. షోరూము కౌంటరు మీద ఒక నోటుపుస్తకం పెట్టండి. పదిహేను రోజులు, వచ్చిన ప్రతి మనిషి అడిగిన ప్రశ్న వాళ్ల మాటల్లోనే రాయండి. దిద్దొద్దు. "ఏటండీ, ఏడాది తిరగలేదు, రైలింగంతా గోధుమరంగు మచ్చలొచ్చేసాయి, స్టీలు తుప్పు పట్టదన్నారు కదా?" ఈ ప్రశ్న మీ పుస్తకంలో ఐదారుసార్లు పడుతుందని నా అంచనా. పడితే అదే మీ మొదటి పేజీ. శీర్షికలో వాళ్ల మాట, వాళ్ల పేట రెండూ ఉండాలి: "సముద్రం దగ్గరి ఇళ్లలో స్టీలు రైలింగుకు మచ్చలెందుకు? లాసన్స్ బే, సాగర్‌నగర్ ఇళ్ల ఉదాహరణలతో." మొదటి నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పేయాలి. మా సంస్థ ఫలానా సంవత్సరంలో మొదలైంది లాంటివి అక్కడ వద్దు.

జవాబు అంటే ఇదీ. స్టీలు మీద క్రోమియం వల్ల ఏర్పడే సన్నటి పొర దాన్ని కాపాడుతుంది, ఉప్పుగాలిలోని క్లోరైడు ఆ పొరను పొడిచి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. 316లో దానికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు తట్టుకునేది దానివల్లే. చవగ్గా దొరికే 202లో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుతారు, సముద్రం పక్కన అది తొందరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని నమ్మేవాళ్లు ఊరంతా ఉన్నారు. 202కి కూడా మామూలుగా అయస్కాంతం అంటుకోదు. ఈ ఒక్క ముక్క మీ పేజీలో ఉంటే చదివినవాళ్లు ఇంకో నలుగురికి పంపుతారు. గ్రేడు తెలియాలంటే బిల్లుతో పాటు స్టీలు తయారుచేసిన మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ అడగాలి, లేదా మాలిబ్డినం ఉందో లేదో రంగుమార్పుతో చూపే చుక్కల పరీక్ష చేయాలి.

ఇక్కడి నుంచి ఏజెన్సీ రాయలేనిది మొదలవుతుంది. మంచి గ్రేడు కొన్నా మచ్చలు వచ్చే సందర్భాలున్నాయి. ఇనప గ్రిల్లు రుద్దిన గ్రైండింగు చక్రంతోనే స్టీలు రుద్దితే ఇనప రేణువులు స్టీలులో దిగబడతాయి, తుప్పు వాటితో మొదలవుతుంది. వెల్డింగు దగ్గర నీలం నలుపు రంగు తేలిన చోటును శుభ్రం చేయకుండా వదిలేసినా అంతే. పైన స్లాబు ఉన్న బాల్కనీలో వాన తగలదు కాబట్టి ఉప్పు కడుక్కుపోక, ఎండా వానా తగిలే రైలింగు కంటే అదే ముందు పాడవుతుంది. మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవాలి, ఇనప పీచు, బాత్రూము యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. మీ వర్క్‌షాపులో ఇనప పనీ స్టీలు పనీ రెండూ జరుగుతాయి గనక చక్రాలు వేరుగా పెడతారా అని మావయ్యగారిని అడగండి. పెడుతుంటే ఆ రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పేజీలో వేయండి. పెట్టకపోతే ముందు ఆ పద్ధతి మార్చుకుని, తరవాత పేజీ రాయండి.

పేజీలో "మీకు ఇది అక్కర్లేదు" అనే మాట కూడా ఉండాలి. సముద్రానికి దూరంగా పెందుర్తి వైపు ఇంటికి 316 దండగ అని మావయ్యగారు అంటారనుకోండి, అది అలాగే రాయండి. ఖరీదైన సరుకు వద్దని చెప్పిన షాపుని జనం నమ్ముతారు. ధర రాయాలా వద్దా అన్న వాదన మీ ఇంట్లో తప్పకుండా వస్తుంది. రాస్తే పోటీవాళ్లు చూస్తారంటారు, వాళ్లకు ఇప్పటికే తెలుసు. రాయకపోతే బడ్జెటు సరిపోని వాళ్లందరికీ మీ మరిది ఫోన్లో ధర చెబుతూ కూర్చోవాలి. అడుగుకు ఇంత నుంచి ఇంత అని రెండు అంకెలు, ఏ నెల ధరో, గ్రేడు, పైపు మందం, ఎన్నో అంతస్తు అన్నవాటిని బట్టి ఎలా మారుతుందో రాస్తే సరి. ఆరు నెలలకొకసారి ఆ అంకెలు మార్చడం మరిచిపోవద్దు, పాత ధర ఉంటే గొడవలు వస్తాయి.

ఫొటోలు బిగించే కుర్రాళ్లతోనే తీయించండి. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. శుభ్రం చేయకముందు ఒకటి, చేశాక అదే కోణంలో ఇంకొకటి. ఇంటివాళ్ల అనుమతి వాట్సాప్‌లో రాతగా తీసుకోండి, డోరు నంబరు, నేమ్‌ప్లేటు ఫొటోలో పడనివ్వొద్దు. ఫోన్లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికి పది సెకన్లు పట్టి చూసేవాడు వెళ్లిపోతాడు. వెబ్‌పీ రకంలోకి మార్చి 200 కేబీ లోపు తేవాలి. పేజీలో పెద్దగా కనపడే భాగం రెండున్నర సెకన్లలోపు తెరుచుకోవాలన్నది గూగుల్ పెట్టిన కొలత.

భాష సంగతి. ఊహించొద్దు, సెర్చ్ కన్సోల్‌లో ఏ భాషలో వెతుకుతున్నారో చూసి తేల్చుకోండి. ఈ వ్యాపారంలో టైపు చేసేవాళ్లు చాలావరకు ఇంగ్లిషులోనో, ఇంగ్లిషు అక్షరాల తెలుగులోనో వెతుకుతారు. కాబట్టి పేజీ తేలికపాటి ఇంగ్లిషులో, అదే విషయం మీద వీడియో తెలుగులో పెట్టి ఆ పేజీలోనే కూర్చండి. తెలుగు పేజీ కూడా పెట్టాలనుకుంటే మీ చేత్తో రాయండి, యంత్రం అనువాదం వద్దు. 'వైజాగ్', 'విశాఖపట్నం' రెండు పేర్లూ సహజంగా వచ్చేలా చూసుకోండి. రెండింటికీ రెండు పేజీలు చేయొద్దు, పేట పేటకూ పేరు మార్చి ఒకే పేజీని పది చేయడం అంతకన్నా వద్దు.

ఉన్న 96 వ్యాసాలను ఏం చేయాలి? సెర్చ్ కన్సోల్ పేజీల పట్టికలో గత ఆరు నెలలు చూడండి. మన ఊరికి సంబంధించి క్లిక్కులు వస్తున్నవి పదో పన్నెండో ఉంటే వాటిని మీ సమాచారంతో తిరగరాయండి, చిరునామా మార్చకండి. ఒకే విషయం మీద నాలుగున్నచోట ఒకటి ఉంచి తక్కినవాటిని దానికి 301 (శాశ్వత) దారిమళ్లింపు చేయండి. ఎవరికీ పనికిరానివి తీసేయండి. తీసేసినవన్నీ హోం పేజీకి మళ్లించడం చాలామంది చేసే పొరపాటు, గూగుల్ దాన్ని లేని పేజీగానే చూస్తుంది. తీసే ముందు వర్డ్‌ప్రెస్ నుంచి ఎక్స్‌పోర్ట్ ఫైలు ఒకటి దించి దాచుకోండి.

మీ మరిది మాటలో న్యాయం ఉన్నది ఒక్కచోట: ఎనిమిది నెలల్లో ఏది పనిచేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ నలుగురు ఫోన్ చేసినవాళ్లు వెబ్‌సైటు చూసి అని చెప్పారు కాబట్టి తెలిసింది. చెప్పనివాళ్ల సంగతి? ఆర్డర్ల రిజిస్టరులో 'మా గురించి ఎలా తెలిసింది' అని ఒక గడి పెట్టి, ఆ గడి నింపే బాధ్యత మరిదికే ఇవ్వండి. ప్రతి పేజీలో వాట్సాప్ బటన్ పెట్టి, అందులో ముందే ఒక వాక్యం నింపి ఉంచొచ్చు. రైలింగు పేజీ బటన్ నొక్కితే "రైలింగు మచ్చల గురించి చూశాను" అని, కిటికీ పేజీలో నొక్కితే ఇంకో వాక్యం. ఏ పేజీ మనిషిని తెచ్చిందో సందేశం చూడగానే తెలుస్తుంది. దీనికి ఖర్చు లేదు.

మావయ్యగారి మౌనం గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆయనకు డబ్బు బాధ ఒక్కటే అయివుండదు. తన చేతి పని గురించి తనను అడగకుండా 96 సార్లు ఎవరో రాశారు, అందులో తన మాట ఒక్కటీ లేదు. ఆ కష్టం కూడా ఉండొచ్చు. ఆయన దగ్గర క్షమాపణతో మొదలుపెట్టకండి, ప్రశ్నతో మొదలుపెట్టండి. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు, భోజనాల దగ్గర మాత్రం కాదు, "మావయ్యా, సాగర్‌నగర్ రైలింగుకు మచ్చలెందుకొచ్చాయి?" అని అడిగి, చెప్పి మరీ ఫోన్లో రికార్డింగు పెట్టండి. పదిహేను నిమిషాలు చాలు. ఆయన మీతో మాట్లాడకపోతే మీవారితో అడిగించండి, లేదా అందరికన్నా పాత మేస్త్రీని కూర్చోబెట్టండి. ఆయన పక్కన ఉండి "అలా కాదు" అని దిద్దడానికైనా నోరు విప్పొచ్చు. విప్పకపోవచ్చు కూడా, దానికి మీరు తయారుగా ఉండాలి.

డబ్బు లెక్క మీరే అందరిముందూ పెట్టండి. ఖర్చు ఇంత, వచ్చింది ఒక్క ఆర్డరు, అందులో మిగిలింది ఇంత. తరవాత ఆరు నెలలకు ఎంత పెడతారు, సెప్టెంబరు నెలాఖరుకు ఎన్ని ఎంక్వైరీలు రాకపోతే ఆపేస్తారు అన్న రెండు అంకెలు అందరూ కలిసి వేసి, తేదీతో ఆ రిజిస్టరు మొదటి పేజీలోనే రాసిపెట్టండి. ఆ అంకెలు మీ ఒక్కరివి కాకూడదు, ఈసారి అందరివీ కావాలి.

రెండో పేజీకి విషయం నేను చెబుతాను, ఎందుకంటే దానికి తేదీ ఉంది. జూన్లో వానలు మొదలవగానే "స్లైడింగు కిటికీ ట్రాకులోంచి నీళ్లు లోపలికొస్తున్నాయి" అని వెతుకుతారు. గూగుల్ పేజీని గుర్తించి నిలబెట్టడానికి వారాలు పడుతుంది కాబట్టి అది ఏప్రిల్ నెలాఖరుకల్లా సైటులో ఉండాలి. చాలా ఇళ్లలో కిటికీ చెడిపోదు, ట్రాకు అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు దుమ్ముతోనో, గోడకు రంగు వేసినప్పుడు పడ్డ సిమెంటుతోనో పూడుకుపోతాయి. మీ బిగింపు కుర్రాడిని ఒక ఇంట్లో పూడిన ట్రాకులో మగ్గుడు నీళ్లు పోయమనండి, నిలిచిపోయిన నీళ్లు చూపించాలి. తరవాత సన్న తీగతో రంధ్రాలు పొడిచి మళ్లీ మగ్గుడు పోసి, గోడ బయటివైపు నుంచి కారడం చూపించాలి. నలభై సెకన్లు, మాటల్లేకుండా, ఫోన్ అడ్డంగా పట్టుకుని తీస్తే చాలు.